యాషికాకు మీటర్‌గా కెనాన్ ఎస్95: కొన్నేళ్ల వాడకం తర్వాత

నా పాత ఫిల్మ్ కెమెరా యాషికా-డిలో లైట్ మీటర్ (వెలుతురు కొలిచే సాధనం) లేదు. పాడైపోవడం కాదు, తయారైనప్పుడే లేదు. షట్టర్ ఎంతసేపు తెరవాలి, ఎపర్చర్ (లెన్సులో వెలుతురు దూరే రంధ్రం) ఎంత పెట్టాలి అన్నది మనమే తేల్చుకోవాలి. కొన్నేళ్లుగా ఆ లెక్క నాకు కెనాన్ పవర్‌షాట్ ఎస్95 చేసిపెడుతోంది. 2010లో వచ్చిన జేబు కెమెరా, ఇంట్లో సొరుగులో ఊరికే పడి ఉండేది.

ఫోన్ యాప్ చాలదా అని చాలామంది అడుగుతారు. పనికిరానిదేం కాదు. కాకపోతే ఫోన్ లెన్సు బాగా వెడల్పు. విజయవాడ బీసెంట్ రోడ్డులో కొట్లవైపు చూపించినా పైనున్న ఆకాశాన్ని కూడా కలిపి కొలిచేస్తుంది. ఎస్95లో లెన్సు చుట్టూ ఉన్న రింగుకి స్టెప్ జూమ్ పెట్టుకుంటే 28, 35, 50 ఎంఎం దగ్గర ఆగుతూ వెళ్తుంది. యాషికా ఫిల్మ్ పెద్దది కాబట్టి దాని 80 ఎంఎం లెన్సు చూసేది ఇంచుమించు ఆ 50 చూసేంతే. నేను తీయబోయే ముక్కనే కొలుస్తుందన్నమాట.

వాడే పద్ధతి తేలికే. ఏవీ మోడ్ (ఎపర్చర్ మనం పెడితే షట్టర్ కెమెరా చెబుతుంది), రీలుకి ఎంతుంటే అంత ఐఎస్ఓ (వెలుతురుకి స్పందించే వేగం), యాషికాలో పెట్టబోయే ఎపర్చరే ఇందులోనూ. బటన్ సగం నొక్కితే షట్టర్ స్పీడ్ కనిపిస్తుంది. ఇది 1/160 అనో 1/200 అనో చెబుతుంది, యాషికాలో 125 దాటితే 250 తప్ప మధ్యలో గీత లేదు. నెగటివ్ ఫిల్మ్ అయితే నేను 125కే వెళ్తాను. వెలుతురు కాస్త ఎక్కువైతే నెగటివ్ ఓర్చుకుంటుంది, తక్కువైతే నీడల్లో ఏమీ మిగలదు.

డిజిటల్ దీనికి పూర్తిగా ఉల్టా. తెల్ల పంచె మీద వెలుతురు మించిందంటే అక్కడ మడత కూడా కనపడదు. చీకటిగా పడిందాన్ని మాత్రం తర్వాత కొంత లాగొచ్చు. అందుకే తెర మీద బొమ్మ బాగుందని అదే సెట్టింగ్ నెగటివ్‌కి పెట్టేయడం నాకు నచ్చదు. స్లయిడ్ ఫిల్మ్ (నెగటివ్ కాకుండా నేరుగా బొమ్మే వచ్చేది) వాడేవాళ్లకైతే ఆ తెరే మంచి గైడు, ఎందుకంటే స్లయిడ్ కూడా ఎక్కువ వెలుతురుని అసలు సహించదు.

ఉండవల్లి గుహల్లో ఈ తేడా బాగా బయటపడుతుంది. లోపల శయనించి ఉన్న విష్ణుమూర్తి మీద మసక వెలుగు, స్తంభాల సందుల్లోంచి బయటి ఎండ. ఐఎస్ఓ 400 రీలు, ఎపర్చర్ ఎఫ్/4. మొత్తం సీన్ కొలిస్తే ఎస్95 1/125 అంది. స్పాట్ మీటరింగ్‌కి (మధ్యలో చిన్న చుక్కనే కొలిచే పద్ధతి) మార్చి విగ్రహం భుజం కింద నీడనే కొలిస్తే 1/8. మీటర్‌కి రాయి నల్లనిదని తెలీదు, దేన్ని చూపించినా మధ్యస్థం బూడిదరంగు చేయాలనే చూస్తుంది. నీడ నీడలాగే ఉండి, ఉలి దెబ్బలు మాత్రం కనిపించాలి. కాబట్టి రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుతురు సగమవుతుంది) తగ్గించి 1/30 పెట్టాను. మొదటి లెక్క ప్రకారం వెళ్తే ఆ భుజం నెగటివ్ మీద ఖాళీ గాజులా ఉండేది. స్పాట్ మీటరింగ్ లేని కాంపాక్ట్‌ని ఈ పనికి నేను సిఫార్సు చేయను.

మిట్టమధ్యాహ్నం దీనితో లాభం లేదు. కృష్ణ ఇసుక తిన్నెల మీద తెరలో మన మొహమే కనిపిస్తుంది. పైగా ఎపర్చర్ ఎఫ్/8 దాటదు, షట్టర్ 1/1600 దాటదు. 400 రీలుకి మామూలు ఎండే దాదాపు అక్కడికి చేరిపోతుంది. అయినా మన ఎండకి మీటరెందుకు? 400 రీలైతే ఎఫ్/16, 1/500 పెట్టి నొక్కేయడమే.

రాత్రి మాత్రం ఇది లేకుండా కదలను. ప్రకాశం బ్యారేజీ దీపాలకి ఐఎస్ఓ 3200, ఎఫ్/8 పెడితే ఒక సెకను వచ్చిందనుకోండి, 400 రీలుకి మూడు స్టాపులు, అంటే 8 సెకన్లు. అక్కడితో ఆగకూడదు. ఎక్స్‌పోజర్ పొడవయ్యేకొద్దీ ఫిల్మ్ మందగిస్తుంది, డిజిటల్‌కి ఆ జబ్బు లేదు. నలుపు-తెలుపు 400 రీలు ఇల్ఫోర్డ్ హెచ్‌పీ5 ప్లస్‌కి కంపెనీ ఇచ్చిన లెక్కలో 8 సెకన్లు సుమారు 15 అవుతాయి. కెమెరా చెప్పిన 8 దగ్గరే షట్టర్ మూసేస్తే దీపాలు తప్ప నీళ్లు రావు. యాషికా లెన్సుకి తగిలించే పసుపు ఫిల్టర్ సంగతీ అంతే: ఎస్95కి అది కనపడదు కాబట్టి ఒక స్టాపు మనమే కలుపుకోవాలి.

కొలతకి తీసిన ఫొటోని నేను చెరిపేయను. టైము, ఎపర్చర్, షట్టర్ అన్నీ దాంట్లోనే ఉంటాయి. రీలు కడిగాక నెగటివ్‌లు పక్కన పెట్టుకుని చూస్తే ఏది ఎందుకు పలచగా వచ్చిందో తెలిసిపోతుంది. నోట్‌బుక్ రాసే ఓపిక నాకెప్పుడూ లేదు. పున్నమి ఘాట్ దగ్గర టీ కొట్టాయన ఈ తతంగమంతా చూసి, "చిన్నదాంట్లో వచ్చేసింది కదండీ, మళ్లీ ఆ డబ్బాలో ఎందుకు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు, ఇంకో టీ చెప్పాను.

కొనే ఆలోచన ఉంటే ముందు బ్యాటరీ చూసుకోండి. ఎన్‌బీ-6ఎల్ అని అడగాలి. పాత కెమెరాతో వచ్చేది చాలావరకు నీరసించిపోయి ఉంటుంది, చవక డూప్లికేట్లలో ఉబ్బిపోయేవీ ఉన్నాయి. రెండు దగ్గర పెట్టుకుని, తెర వెలుగు తగ్గించుకుంటే రోజంతా కొలిచినా ఢోకా లేదు.