మధ్యతరగతిని దేనితో కొలవాలి? బరంపురం, పర్లాకిమిడి ఇళ్లకు ఏది మేలు

ఒడిశాలోని బరంపురంలో ఏ తెలుగు ఇంట్లో అడిగినా "మాది మధ్యతరగతే" అంటారు. బడాబజారులో హోల్‌సేల్ కిరాణా నడిపేవాళ్లదీ అదే మాట, పట్టుచీరల మగ్గం మీద బతికేవాళ్లదీ అదే మాట. ఇది మాటకే పరిమితమైతే పట్టించుకోనక్కర్లేదు. కానీ పిల్లల సీటు, ఇంటి లోన్ మీద సబ్సిడీ, రేషన్ కార్డు ఇలా చాలావాటికి ముందు అడిగేది కుటుంబ ఆదాయమే. అందుకే వాడుకలో ఉన్న కొలతల్లో మన ఇళ్లకు ఏది సరిపోతుందో చూద్దాం.

అన్నిటికన్నా ఎక్కువగా వినపడేది ఇంటి మొత్తం ఆదాయానికి గీత గీసే పద్ధతి. ప్రైస్ అనే పరిశోధన సంస్థ 2020-21 ధరల్లో ఏడాదికి 5 లక్షల నుంచి 30 లక్షల దాకా వచ్చే కుటుంబాలను మధ్యతరగతి అంది. ఆ లెక్కన 2020-21లో దేశ జనాభాలో 31 శాతం మధ్యతరగతి. గుర్తుపెట్టుకోవడానికి సులువు, అందుకే పేపర్లలో ఇదే కనిపిస్తుంది. నాకు మాత్రం ఇది మన ఇళ్లకు పనికొచ్చేలా లేదు. కింది గీత దగ్గర ఇంటికి నెలకు 42 వేలు కూడా రావు, పై గీత దగ్గర రెండున్నర లక్షలు వస్తాయి. ఈ రెండు ఇళ్లకూ ఒకే టెన్షన్ ఉంటుందా? పైగా ధరలు పెరిగాయి కాబట్టి అప్పటి 5 లక్షలంటే ఇప్పుడు సుమారు 6 లక్షలు.

అంతకన్నా పెద్ద లోపం ఇంట్లో ఎంతమంది ఉన్నారో అడగకపోవడం. ఒక ఇంట్లో భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఆదాయం 4.8 లక్షలు అనుకుందాం. ఇంకో ఇంట్లో అన్నదమ్ముల కుటుంబాలు, అత్తామామలు కలిసి తొమ్మిది మంది, ఆదాయం 6 లక్షలు. గీత ప్రకారం తొమ్మిది మంది ఉన్న ఇల్లు మధ్యతరగతి, నలుగురి ఇల్లు కాదు. తలసరి చూస్తే మొదటి ఇంట్లో మనిషికి 1.2 లక్షలు, రెండో ఇంట్లో 67 వేలు. ఉమ్మడి కుటుంబాలు ఇంకా నిలిచి ఉన్న మన వైపు ఇది చిన్న తేడా కాదు.

ఇక ప్రభుత్వం గీతలు. ఈడబ్ల్యూఎస్, అంటే ఆర్థికంగా వెనకబడినవాళ్ల రిజర్వేషన్‌కు కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి. ఓబీసీల్లో రిజర్వేషన్ వర్తించని పై వర్గమైన క్రీమీలేయర్‌కూ 2017 నుంచి అదే 8 లక్షలు. అంకె ఒకటే అయినా లెక్క ఒకటి కాదు. ఈడబ్ల్యూఎస్‌లో జీతం, వ్యవసాయం, వ్యాపారం అన్నీ కలుపుతారు, ఐదెకరాల సాగుభూమి ఉంటే ఆదాయం ఎంతైనా అర్హత పోతుంది. క్రీమీలేయర్ ఆదాయ పరీక్షలో జీతాన్ని, వ్యవసాయ ఆదాయాన్ని కలపరు. ఈ తేడా తెలియక అర్హత ఉన్న పిల్లలు అప్లికేషనే పెట్టకుండా ఊరుకుంటారు, అది నన్ను నిజంగా బాధపెడుతుంది. 7 లక్షలు వచ్చే ఇంటినే తీసుకోండి. రిజర్వేషన్ దగ్గర అది ఆర్థికంగా వెనకబడిన కుటుంబం కావచ్చు. కేంద్రం ఇళ్ల పథకమైన పట్టణ ఆవాస్ యోజన 2.0లో 6 నుంచి 9 లక్షల వరుసలోకి వచ్చి మధ్య ఆదాయ కుటుంబం అవుతుంది. మహారాష్ట్ర సరిహద్దులో ధర్మాబాద్, సిరోంచ తెలుగువాళ్లకైతే లక్ష దాటితేనే తెల్ల రేషన్ కార్డు, అక్కడ తెల్ల కార్డు పేదలది కాదు. ఇవన్నీ పథకాలు పంచడానికి గీసినవి. ఎవరు మధ్యతరగతి అనే ప్రశ్నకు వీటిలో జవాబు వెతకకూడదు.

మూడోది మధ్యస్థ ఆదాయాన్ని బట్టి చూసే పద్ధతి. దేశంలోని ఇళ్లన్నిటినీ ఆదాయం వరసలో నిలబెడితే సరిగ్గా నడిమధ్య వచ్చే ఇంటి ఆదాయమే మధ్యస్థం. ఎక్కువగా ధనిక దేశాలున్న కూటమి ఓఈసీడీ దానికి 75 శాతం నుంచి రెండింతల దాకా మధ్యతరగతి అంటుంది. అమెరికాలో ప్యూ సంస్థ మూడింట రెండొంతుల నుంచి రెండింతల దాకా తీసుకుంటుంది. వీళ్ల లెక్కలో నాకు నచ్చింది ఇంటి మనుషుల సంఖ్యకు వర్గమూలం తీసి ఆదాయాన్ని దానితో భాగించడం. నలుగురుంటే రెండుతో, తొమ్మిది మంది ఉంటే మూడుతో. అద్దె, గ్యాస్, కరెంటు అందరికీ ఉమ్మడి కాబట్టి తొమ్మిది మందికి తొమ్మిదింతల ఖర్చు కాదు. ఇందాకటి ఇళ్లలో మొదటిదానికి 2.4 లక్షలు, రెండోదానికి 2 లక్షలు వస్తుంది. చిన్న ఇల్లే కాస్త మెరుగు, అయినా రెండూ పక్కపక్కనే నిలుస్తాయి.

మరి ఏ మధ్యస్థం, దేశానిదా, రాష్ట్రానిదా? మహేంద్రతనయ నదికి ఇటు ఒడిశాలో పర్లాకిమిడి, అటు ఆంధ్రలో పాతపట్నం. బంధువులు, సంతలు, పెళ్లిళ్లు అన్నీ కలిసే ఉంటాయి. కానీ 2022-23 వినియోగ ఖర్చుల సర్వే ప్రకారం నెలకు తలసరి సగటు ఖర్చు ఒడిశా పల్లెల్లో 2,950 రూపాయలు, ఆంధ్ర పల్లెల్లో 4,870. పట్టణాల్లో అది ఒడిశాలో 5,187, ఆంధ్రలో 6,782. రాష్ట్రాన్ని బట్టి గీత గీస్తే పర్లాకిమిడిలో మధ్యతరగతి అనిపించుకున్న ఇల్లు వంతెన దాటగానే కింది తరగతిలోకి జారొచ్చు. కొనే బియ్యం ధర మారదు, పెద్ద జబ్బు చేస్తే వెళ్లేది రెండు ఊళ్లవాళ్లూ విశాఖకే. అందుకని సరిహద్దులో దేశం మొత్తానికి ఒకే మధ్యస్థం పెట్టుకోవడం మేలు.

రోజుకు తలసరి డాలర్లలో చూసే కొలత కూడా ఉంది. ప్యూ దేశాలను పోల్చేటప్పుడు 2011 కొనుగోలు శక్తి ప్రకారం, అంటే దేశాల మధ్య ధరల తేడాను సర్ది, 10 నుంచి 20 డాలర్లను మధ్య ఆదాయం అంటుంది. అది దేశాల మధ్య పోలికకు సరే, ఇంటి లెక్కకు అక్కర్లేదు.

ఈ కొలతలన్నీ వదిలేసే విషయం నిలకడ. రాయగడ కాగితం మిల్లులో పర్మినెంట్ ఉద్యోగికి, సూరత్ మగ్గాల మీద పనిచేసి గంజాం జిల్లాలోని ఇంటికి డబ్బు పంపే కుర్రాడికి ఏడాది సంపాదన ఒకటే కావచ్చు. 2020 లాక్‌డౌన్‌లో సూరత్ నుంచి వేలమంది తిరిగొచ్చినప్పుడు ఆ ఇళ్లలో ఆదాయం ఒక్కసారిగా ఆగిపోయింది. 2013లో పైలిన్, 2018లో తిత్లీ తుపాన్లు తోటలున్న కుటుంబాలనూ అలాగే దెబ్బకొట్టాయి. కొబ్బరి, జీడి మళ్లీ కాపుకొచ్చేదాకా ఏళ్లు పడుతుంది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో 13 దేశాల సర్వేలు చూసి 2008లో తేల్చింది కూడా ఇదే. మధ్యతరగతిని పేదల నుంచి వేరు చేసేది ముఖ్యంగా నికరమైన ఉద్యోగం. లాటిన్ అమెరికా విషయంలో ప్రపంచ బ్యాంకు పరిశోధకులు ఒక అడుగు ముందుకేసి, ఐదేళ్లలో మళ్లీ పేదరికంలో పడే అవకాశం పది శాతం లోపు ఉన్న ఇంటినే మధ్యతరగతిగా లెక్కపెట్టారు.

నా ఎంపిక: ముందు వర్గమూలంతో భాగించి మధ్యస్థంతో పోల్చాలి, తరువాత నిలకడ చూడాలి. ఆరు నెలలు ఆదాయం ఆగితే బంగారం తాకట్టు పెట్టకుండా, చదువు మాన్పించకుండా గడుస్తుందా? గడవకపోతే ఆదాయం ఎంత చూపించినా ఆ ఇంటిని మధ్యతరగతిలో కలపను.

దీనికి అడ్డం, మన దేశంలో నమ్మదగిన మధ్యస్థ ఆదాయం లేకపోవడమే. గతంలో సర్వేలు ప్రయత్నించినప్పుడు జనం చెప్పిన ఆదాయం వాళ్ల ఖర్చు, పొదుపు కలిపినదానికన్నా తక్కువ తేలింది. 2026లో జాతీయ కుటుంబ ఆదాయ సర్వే చేస్తామని కేంద్ర గణాంక శాఖ 2025లో ప్రకటించింది. ఈలోగా ఇంటి లెక్క మనమే వేసుకోవచ్చు. అప్పడాలు, పచ్చళ్ల వ్యాపారమైతే అమ్మకం మొత్తం కాకుండా సరుకు, కూలి, అద్దె తీసేసిన మిగులు రాయండి. ఒక్క ఏడాది కాకుండా మూడేళ్ల సగటు తీయండి. సూరత్ నుంచి వచ్చే డబ్బు కలపండి. ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్లంతా ఒక ఇల్లు, వేరు పొయ్యి పెట్టిన అన్నదమ్ములు రెండు ఇళ్లు.