మిలిటరీ డీజిల్ బండికి ఏ ఆయిల్, ఏ ఇంధనం: మన ఎండలకు ఏది మేలు?

వేలంలో కొన్న పాత మిలిటరీ జీపుకో లారీకో ఏ ఆయిల్ పోయాలని తిరుపతి షెడ్లలో అడిగితే తరచుగా వినిపించే జవాబు ఇది: "మిలిటరీ బండికి మిలిటరీ ఆయిలే పోయాలన్నా, అప్పుడే నిలబడుతుంది." మాట గట్టిగానే ఉంటుంది. కానీ సైన్యం ఆయిల్ ఎంచుకునే లెక్క వేరు, భాకరాపేట ఘాట్ ఎక్కే మన బండి లెక్క వేరు.

సైన్యానికి ముందుగా కావాల్సింది సరఫరా సులువుగా ఉండటం. లారీకొక డ్రమ్ము, ట్యాంకుకొక డ్రమ్ము, జనరేటరుకొక డ్రమ్ము మోసుకెళ్లాలంటే యుద్ధంలో కుదిరే పని కాదు. అందుకే అమెరికా సైన్యం పెట్టుకున్న ఎంఐఎల్-పీఆర్ఎఫ్-2104 ప్రమాణంలోని ఆయిల్‌ను ఇంజన్‌లోనూ పోస్తారు, చాలా బండ్లలో గేర్ ట్రాన్స్‌మిషన్‌లోనూ పోస్తారు. గడ్డకట్టే చలికి మాత్రం పల్చటి ఆయిల్ వేరుగా ఉంది. ఇంధనం దగ్గరా ఇదే పద్ధతి. నాటో సైన్యాలు ఎఫ్-34 అనే కిరోసిన్ జాతి ఇంధనాన్ని విమానాలతో పాటు నేల మీది డీజిల్ బండ్లకూ వాడుకునేలా ఏర్పాటు చేసుకున్నాయి. మన టీ-72 ట్యాంకులోని 12 సిలిండర్ల, 780 హార్స్‌పవర్ ఇంజన్ డీజిల్ దొరక్కపోతే కిరోసిన్‌తోనూ పెట్రోల్‌తోనూ నడవగలదు.

నడవగలదంటే రోజూ అలాగే నడపమని అర్థం కాదు. డీజిల్ పంపులో కదిలే భాగాలకు గ్రీజూ, ఆయిలూ అన్నీ ఆ డీజిలే. కిరోసిన్ పల్చన, జిడ్డు తక్కువ. 1990-91 గల్ఫ్ యుద్ధంలో అమెరికా బండ్లలో రోటరీ రకం పంపులు కొన్ని ఇలాంటి ఇంధనంతోనే అరిగి మొరాయించాయి. సైన్యానికి ఆ నష్టం లెక్కలోది కాదు, వెనక వర్క్‌షాపుంది, స్పేర్ పంపుంది. మనకు పంపు రిపేరంటే జేబుకు పెద్ద చిల్లు.

ఇక ఆయిల్ సంగతి. మన ముందు మూడు డబ్బాలు ఉంటాయి: ఒకే అంకె ఉన్న మోనోగ్రేడ్ 40, ముడి చమురు నుంచి తీసిన మినరల్ 15డబ్ల్యూ-40, ఫ్యాక్టరీలో తయారుచేసిన సింథటిక్ 5డబ్ల్యూ-40. మూడింటి చివరా ఉన్నది 40 కాబట్టి ఇంజన్ బాగా కాగాక, అంటే 100 డిగ్రీల దగ్గర, మూడింటి చిక్కదనం ఒకే హద్దుల్లో ఉంటుంది. డబ్ల్యూ ముందున్న అంకె చలికి సంబంధించింది. 15డబ్ల్యూకి స్టార్టింగ్ పరీక్ష సున్నాకి 20 డిగ్రీలు కింద జరుగుతుంది, 5డబ్ల్యూకి 30 కింద. మదనపల్లెలో డిసెంబరు తెల్లవారుజామున కూడా మనం వణికేది ఆ చలికి కాదు కదా! పాతకాలపు మెకానికల్ పంపు ఇంజన్‌కు 5డబ్ల్యూ కోసం రెట్టింపు డబ్బు పెట్టడం నా లెక్కలో దండగ. అదే బండి లడఖ్‌లో ఉంటే మాట వేరు. అక్కడ ఆయిలే కాదు, డీజిల్ కూడా పేరుకుపోతుంది. అందుకే 2019లో ఇండియన్ ఆయిల్ మైనస్ 33 డిగ్రీల దాకా ప్రవహించే శీతాకాలపు డీజిల్ తెచ్చింది.

మోనోగ్రేడ్ 40ని తీసిపారేయను. అందులో చిక్కదనం నిలిపే పాలిమర్ కలపరు కాబట్టి నలిగి పల్చబడే బెడద తక్కువ. ఆయిల్ తాగే పాత ఇంజన్లకు మేస్త్రీలు దాన్ని ఇష్టపడటంలో న్యాయం ఉంది. చిక్కు ఎక్కడంటే, బజార్లో దొరికే మోనోగ్రేడ్ డబ్బాల్లో చాలావాటి మీద ఏపీఐ స్థాయి, అంటే అమెరికా పెట్రోలియం సంస్థ ఆయిల్ నాణ్యతకిచ్చే గుర్తు, సీఎఫ్ లాంటి పాతది. మసిని పట్టి ఉంచే శక్తి ఆ తర్వాతి స్థాయి సీఐ-4 15డబ్ల్యూ-40కి ఎక్కువ. అందుకే డబ్బా ముందున్న బొమ్మ చూడొద్దు, వెనక్కి తిప్పి చిన్నక్షరాలు చదవండి. సీఎఫ్ అని మాత్రమే ఉంటే పక్కన పెట్టండి, సీఐ-4 అని ఉంటే కొనండి. ఏళ్ల తరబడి పాత ఆయిల్‌తో తిరిగిన ఇంజన్‌లో కొత్తది పోస్తే లోపలి మడ్డి కదిలి ఫిల్టరుకు అడ్డం పడుతుంది. కాబట్టి మొదటిసారి ఫిల్టరు త్వరగా మార్చాలి.

ఇంకా పైస్థాయి సీకే-4 ఉంది, 2016 చివర్లో వచ్చింది. అందులో ఆయిల్ కాలాక మిగిలే బూడిద 1 శాతానికి మించకూడదని నియమం. సైలెన్సర్‌లో డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టరు, ఉన్న బీఎస్-6 బండికి ఆ తరగతి ఆయిలే కావాలి, సీఐ-4 పోస్తే ఫిల్టరు మెల్లగా బూడిదతో నిండుతుంది. పాత జీపుకు సీకే-4 పోసినా నష్టం లేదు, అవసరమూ లేదు.

ఇంధనం విషయంలో నాకు సందేహమే లేదు: జనం రద్దీగా ఉండే బంకులో మామూలు డీజిల్. ప్రీమియం డీజిల్‌లోని క్లీనర్ కొత్తరకం కామన్ రైల్ ఇంజన్లలో డీజిల్ చిమ్మే నాజిళ్లకు కొంత మేలు చేయొచ్చు, పాత పంపుకు తేడా కనపడదు. 2020 ఏప్రిల్ నుంచి మన డీజిల్‌లో గంధకం 10 పీపీఎం (పది లక్షల భాగాల్లో 10 భాగాలు) లోపే. 1990ల తొలినాళ్లలో అది 1 శాతం దాకా, అంటే వెయ్యి రెట్లు ఉండేది. గంధకం తగ్గడంతో ఆయిల్‌ను పాడుచేసే ఆమ్లం తగ్గింది. గంధకంతో పాటు జిడ్డు కూడా పోయిందని లీటరుకు ఇంతని టూటీ ఆయిల్ (టూ-స్ట్రోక్ బండ్ల పెట్రోల్‌లో కలిపే ఆయిల్) కలిపేవాళ్లున్నారు. ఆ లోటు పూడ్చే మందు రిఫైనరీలోనే కలుపుతారు, ప్రమాణంలో జిడ్డు పరీక్ష కూడా ఉంది. టూటీ డబ్బులు మిగుల్చుకోండి.

చిత్తూరు, పలమనేరు వాళ్లు సరిహద్దు దాటి కర్ణాటకలోనో తమిళనాడులోనో ట్యాంకు నింపుకోవడం కొత్తేం కాదు. పన్ను తక్కువ, డీజిల్ అదే, తప్పేం లేదు. రోడ్డు పక్కన ట్యాంకర్ పెట్టి బయోడీజిల్ పేరుతో చౌకగా అమ్మేదాని జోలికి మాత్రం పోవద్దు. అందులో ఏం కలిసిందో అమ్మేవాడికే తెలియాలి. నిజమైన బయోడీజిలే అయినా నూటికి నూరుపాళ్లు పోస్తే పాత రబ్బరు పైపులు ఉబ్బుతాయి, ట్యాంకు అడుగు తుప్పు ఊడి ఫిల్టర్లోకొస్తుంది, పైగా నీటిని పీల్చుకుంటుంది.

నీరే ఈ బండ్లకు అసలు శత్రువు. వేలంలో కొన్న ఇలాంటి డిస్పోజల్ బండి తిరిగేది తక్కువ, నిలబడేది ఎక్కువ. సగం ట్యాంకుతో వానాకాలమంతా నిలబెడితే లోపల చెమ్మ పడుతుంది. ఒక గాజు సీసా తీసుకుని డీజిల్ నుంచి నీటిని వేరుచేసే వాటర్ సెపరేటర్ కింది మర వదులు చేసి కాస్త డీజిల్ పట్టండి. అయిదు నిమిషాలు కదపకుండా ఉంచితే నీరుంటే అడుగున గుండ్రంగా వేరుపడి కనపడుతుంది, పైన డీజిల్ తేలుతుంది. నీరు కనపడకుండా పోయేదాకా వదలాలి. నిలబెట్టే ముందు ట్యాంకు నిండా పోయించి ఉంచితే చెమ్మకు చోటుండదు.

ఆయిల్ మార్చడానికి కిలోమీటర్లు చూడటం కూడా ఇలాంటి బండికి పనికిరాదు. ఏడాదికి వెయ్యి కిలోమీటర్లే తిరిగినా ఏడాదికోసారి మార్చాల్సిందే. మధ్యలో డిప్‌స్టిక్ తీసి చూసినప్పుడు ఆయిల్ మట్టం పోసినదానికంటే పైకొచ్చి డీజిల్ వాసన కొడితే గడువు దాకా ఆగొద్దు. నాజిల్ కారుతోందో, పంపు సీలు పోయిందో ముందు చూపించి, ఆ తర్వాతే కొత్త ఆయిల్ పోయించండి.