సీఈ అని రాసుంది కదా అని రైడింగ్ జాకెట్ కొనకండి, నేను కొని దెబ్బతిన్నా

బైక్ జాకెట్ కొందామనుకునేవాళ్ళు ఇది చదివాకే డబ్బులు కట్టండి. నేను ఆన్‌లైన్లో ఒక మెష్ జాకెట్ తీసుకున్నా, ఫొటోల మీద పెద్దక్షరాలతో సీఈ (యూరప్ వాళ్ళ భద్రతా గుర్తు) సర్టిఫైడ్ అని ఉంది, రివ్యూలు బానే ఉన్నాయి, ఇంకేం చూస్తాం చెప్పండి. మొన్న మలుపులో ఇసక మీద ముందు చక్రం జారి పడ్డా, స్పీడు 30 కూడా ఉండదు. లేచి చూసుకుంటే భుజం దగ్గర కుట్టు జానెడు విచ్చుకుపోయింది, మోచేతి ప్యాడ్ గిర్రున తిరిగి లోపలివైపుకి వచ్చేసింది, మోచెయ్యి చెక్కుకుపోయింది.

ఇంటికొచ్చి జాకెట్ తిరగేసి చూస్తే అప్పుడర్థమైంది, ఆ సీఈ జాకెట్‌ది కాదు, లోపలున్న ప్యాడ్లది! ప్యాడ్ మీద ఈఎన్ 1621-1 అని ఉంది, అంటే భుజం, మోచేతి లాంటి ప్యాడ్లకి యూరప్ స్టాండర్డ్ నంబరు, అది నిజమే కావచ్చు, కానీ బట్టకీ కుట్లకీ వేరే స్టాండర్డ్ ఉంది, ఈఎన్ 17092 అని. అందులో ఏఏఏ అన్నిటికన్నా గట్టిది, తర్వాత ఏఏ, ఆ తర్వాత ఏ. బి అంటే ప్యాడ్లు లేని వట్టి బట్ట, సి అంటే ప్యాడ్లు పట్టి ఉంచే తొడుగు మాత్రమే, దానితో పాటు ఇంకో జాకెట్ వేసుకోవాల్సిందే. లోపల కుట్టిన లేబుల్ మీద బైక్ మీద కూర్చున్న మనిషి బొమ్మా, ఈ క్లాసూ ఉండాలి. నాదాంట్లో ఉతికే గుర్తులు తప్ప ఇంకేం లేవు.

వీపు ప్యాడ్ అయితే మరీ ఘోరం, గిన్నెలు తోముకునే స్పాంజి నయం. దానికి ఈఎన్ 1621-2 ఉండాలి, టెస్టులో ప్యాడ్ దాటి అవతలికి వచ్చే దెబ్బ లెవెల్ 1 అయితే సగటున 18 కిలోన్యూటన్లు (దెబ్బ బలానికి కొలత) మించకూడదు, ఇంకా మెరుగైన లెవెల్ 2 అయితే 9. నాదాని మీద ఏ నంబరూ లేదు.

ప్యాడ్ జారడంలో నా తప్పూ ఉందిలెండి, లోపల స్వెట్టర్ పడుతుందని ఒక సైజు పెద్దది తీసుకున్నా. వేసుకుని హ్యాండిల్ పట్టుకున్నట్టు చేతులు చాపి, ఎవరినైనా ప్యాడ్ పట్టుకుని తిప్పి చూడమనండి, కదిలిందంటే వద్దు.

సెల్లర్‌కి ఫొటోలు పంపితే వాడినది వాపస్ తీసుకోం అన్నాడు, క్లాస్ ఏంటని అడిగితే "సీఈ ఉంది కద సార్" అని మళ్ళీ అదే పాట. అతని దగ్గరే ప్యాంటు కూడా ఆర్డర్ పెట్టున్నా, పంపేముందు లోపలి లేబుల్ ఫొటో తీసి పెట్టమన్నా, రెండ్రోజులైనా జవాబు లేదు, క్యాన్సిల్ కొట్టేశా.