ఎస్‌క్యూఎల్ రాస్తే ప్రోగ్రామర్ కాదా? పైథాన్ పక్కన పెట్టి చూస్తే…

మా అక్క కొడుకు నల్గొండలో డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నాడు. మొన్న ఫోన్ చేసి, "మామా, ఎస్‌క్యూఎల్ రాసుడు ప్రోగ్రామింగే కాదంటున్నరు మా సీనియర్లు. పైథాన్ వస్తెనే ప్రోగ్రామర్ అంట. నిజమేనా?" అని అడిగాడు. ఎస్‌క్యూఎల్ అంటే డేటాబేస్‌ను లెక్కలడిగే భాష, అందులో రాసే ఒక్కో ప్రశ్న ఒక క్వెరీ. పదేళ్ళుగా ఆ క్వెరీలతోనే ఇల్లు నడుపుకుంటున్నాను. మాట గుచ్చుకుంది.

రెండింటికీ తేడా లేదని అనను. మిర్యాలగూడ వైపు ఒక రైస్ మిల్లు లెక్కలు తీసుకోండి. రైతులకు ఒక టేబుల్, వాళ్ళు తెచ్చిన వడ్ల లోడ్లకు ఒకటి, మిల్లు ఇచ్చిన డబ్బులకు ఒకటి. ఎవరికెంత బాకీ ఉందో పైథాన్‌లో తేల్చాలంటే ఒక్కో రైతునూ పట్టుకుని, అతని లోడ్లన్నీ లూప్‌లో తిప్పి, విలువ కూడి, ఇచ్చింది తీసేయాలి. ప్రతి అడుగూ మనమే చెప్పాలి. ఎస్‌క్యూఎల్‌లో ఏం కావాలో చెబితే చాలు. పుస్తకం వెనక సూచికలాంటి ఇండెక్స్ పట్టుకుని వెతకాలా, టేబుల్ మొత్తం చదవాలా అన్నది డేటాబేస్ చూసుకుంటుంది. అడుగులు చెప్పనిది ప్రోగ్రామింగ్ ఎట్లా అవుతుందన్నది సీనియర్ల వాదన. 1974లో ఐబీఎంకు చెందిన ఛాంబర్లిన్, బాయ్స్ ఈ భాషను ప్రకటించినప్పుడు, కంప్యూటర్ నిపుణులు కానివాళ్ళు కూడా వాడగలగాలనే అనుకున్నారు. ఈ చిన్నచూపు అక్కడి నుంచే మొదలైందేమో.

అలాంటి మిల్లు లెక్కల్లోనే నేనొకసారి దెబ్బతిన్నాను. మూడు టేబుళ్ళనూ నేరుగా జాయిన్ చేశాను, అంటే రైతును బట్టి వాటి వరుసలను ఒకదానికొకటి జతచేశాను. ఒక రైతు 3 లోడ్లు తెచ్చాడు, రెండుసార్లు డబ్బు తీసుకున్నాడు: 40 వేలు, 30 వేలు. మొత్తం 70 వేలు. నా రిపోర్టులో 2,10,000 ఇచ్చినట్టు వచ్చింది. ప్రతి లోడుకూ రెండు చెల్లింపులూ అతుక్కుని 6 వరుసలయ్యాయి, డబ్బు మూడింతలైంది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. గుమాస్తా తక్‌పట్టీలు ముందేసుకుని ఒక్కొక్కటే సరిచూస్తే బయటపడింది. లేకుంటే ఆ రైతు తనకు రావాల్సిన డబ్బు కోసం ఎన్నిసార్లు తిరిగేవాడో! లోడ్లను రైతువారీగా విడిగా కూడి, చెల్లింపులను విడిగా కూడి, ఆ తర్వాత కలిపితే లెక్క సరిపోయింది. అది పట్టుకోవడానికి ఒక రాత్రి పట్టింది. ఆ రాత్రి చేసింది ప్రోగ్రామింగ్ కాదంటే నేను ఒప్పుకోను.

పైథాన్ గెలిచే చోట్లు స్పష్టంగానే ఉన్నాయి. కాటా మీది బరువు చదవడం, రైతు ఫోన్‌కు మెసేజ్ పంపడం, పది రకాల ఎక్సెల్ ఫైళ్ళను ఒక దారికి తేవడం క్వెరీల పని కాదు. కానీ 5 లక్షల వరుసలను పైథాన్‌లోకి లాగి లూప్ తిప్పేవాళ్ళను చూస్తే బాధేస్తుంది. డేటా ఉన్నచోటే ఆ కూడిక అయిపోతుంది.

ఎస్‌క్యూఎల్‌కు లూపుల్లాంటివి చేతకావన్నది కూడా పాత మాట. 1999 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణంలోనే రికర్షన్ వచ్చింది, అంటే క్వెరీ తనకొచ్చిన ఫలితం మీదే మళ్ళీ మళ్ళీ నడవగలదు. సాగర్ ఎడమ కాలువ కింద మేజర్లనే పెద్ద పిల్లకాలువలు, వాటి కింద మైనర్లనే చిన్నవి, వాటి కింద తూములు ఎన్ని మెట్లున్నా ఒక్క క్వెరీతో దిగిపోవచ్చు.

అందుకే వాడితో ముందు ఎస్‌క్యూఎల్ పట్టు, మూడు నెలల తర్వాత పైథాన్ మొదలుపెట్టు అన్నాను. ఉద్యోగంలో చేరిన మొదటి వారమే ఎవరో ఒకరు డేటాబేస్‌లోంచి ఒక లెక్క అడుగుతారు. అప్పుడు ఏ భాషలో అడిగితే వస్తుందో తెలిసుండాలి.

ఆ మూడు టేబుళ్ళే పంపి, బాకీల జాబితా తీయమన్నాను. ఆదివారం మళ్ళీ ఫోన్. "మామా, లెక్క కుదిరింది గని, ఒక పేరు తక్కువొచ్చింది." చెల్లింపుల టేబుల్‌లో ఒక్క వరుస కూడా లేని రైతు జాబితాలోంచే జారిపోయాడు. ఒక్క రూపాయి కూడా అందనిది ఆయనకే. ఇప్పుడు వాడు, జత దొరకని వరుసను కూడా జాబితాలో ఉంచే లెఫ్ట్ జాయిన్ గురించి చదువుతున్నాడు.