కొత్త లేతుకు మొబిల్ వాక్ట్రా నంబర్ 2: బెడ్డుకు భేష్, హెడ్‌స్టాక్‌కు వద్దు

లేతులో భాగాలు జారే పట్టాలకు రాసే నూనె (స్లైడ్‌వే ఆయిల్) ఇది, చిక్కదనం గ్రేడు ఐఎస్ఓ వీజీ 68. బెడ్డును (లేతు పొడవునా ఉండే పట్టాల దిమ్మ) అంటిపెట్టుకుని ఉంటుంది, క్యారేజీ (దాని మీద టూల్‌ను మోస్తూ జరిగే భాగం) మెల్లగా కదిలేటప్పుడు పట్టిపట్టి జరగదు. నీళ్లు కలిపిన కూలెంట్‌లో (కోత వేడిని చల్లార్చే ద్రవం) పడినా పైకి తేలుతుంది, తీసేయొచ్చు.

కొత్త మిషన్‌కైతే తుప్పు రాకుండా పూసిన జిడ్డును ముందు కిరోసిన్ గుడ్డతో తుడవాలి. రోజూ పని మొదలుపెట్టే ముందు చిప్స్ (కోతలో రాలే లోహపు ముక్కలు) బ్రష్‌తో తీసి, నూనె పల్చగా రాసి, క్యారేజీని ఈ చివర నుంచి ఆ చివరకు నడపాలి. ఎయిర్ గన్ కొట్టారో, చిప్స్ క్యారేజీ అంచున బెడ్డును తుడిచే వైపర్ల కిందికి దూరి బెడ్డును గీస్తాయి. బాల్ ఆయిలర్లలో (నూనె పోసే, గోళీ మూత ఉన్న చిన్న రంధ్రాలు) గ్రీజు ఎక్కించొద్దు, దారి మూసుకుపోతుంది.

హెడ్‌స్టాక్‌లో (స్పిండిల్‌ను తిప్పే గేర్లు, బేరింగులు ఉండే పెట్టె) మాన్యువల్ చెప్పిన గ్రేడే పోయాలి. చాలాచోట్ల చేతికందిన ఇంజిన్ ఆయిల్ పోసేస్తారు. అందులోని డిటర్జెంట్ లోహపు రజనును అడుగుకు దిగనివ్వదు, ఫిల్టర్ లేకపోతే అది బేరింగుల్లోనే తిరుగుతుంది.