ఎయిర్‌బ్రష్ కడగడానికి ఏది మేలు: నీళ్లా, ఐపీఏనా, థిన్నరా?

గాలి ఒత్తిడితో రంగును సన్నటి తుంపరగా చిమ్మే పరికరం ఎయిర్‌బ్రష్. అందులో రంగు మార్చాలంటే, రంగు పోసే కప్పులో ఎన్‌సీ థిన్నర్ (లాకర్ రంగులను పలచన చేసే ఘాటైన ద్రావకం) పోసి గాల్లోకి కొట్టేయడం. బైక్ ట్యాంకుల మీద బొమ్మలు వేసే షాపుల్లో, విగ్రహాలకు రంగులేసే షెడ్లలో తరచూ కనిపించే పద్ధతి ఇది. బ్రష్ త్వరగానే శుభ్రమవుతుంది. కానీ ఆ తుంపరంతా పోయేది దగ్గర నిలబడినవాళ్ల ఊపిరితిత్తుల్లోకే. అందుకే నా లెక్కలో థిన్నర్ ఆఖరి మందు, మొదటిది కాదు.

వాడింది నీళ్లలో కలిసే అక్రిలిక్ అయితే, అది తడిగా ఉన్నంతసేపు మామూలు నీళ్లే మేలు. ఖర్చు లేదు, వాసన లేదు, మంట భయం లేదు. చిక్కల్లా రంగు ఆరాకే. అక్రిలిక్ ఒకసారి ఎండితే నీళ్లకు కరగదు, పైగా అది ముందుగా ఎండేది రంగు బయటికొచ్చే నాజిల్ కొనలోనే. ఆ రంధ్రం చాలా బ్రష్‌లలో 0.3 మిల్లీమీటర్లు. సన్నటి పొర పట్టినా రంగు తుంపులుతుంపులుగా పడుతుంది.

అక్కడ ఐపీఏ, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పనికొస్తుంది. అయితే నేరుగా పోయకండి. కొన్ని అక్రిలిక్‌లు ఐపీఏ తగలగానే జిగురు ముద్దలా మారి నాజిల్‌ను ఇంకా మూసేస్తాయి. ముందు నీళ్లతో రంగంతా పోగొట్టి, మిగిలిన మరకకే ఐపీఏ వాడాలి. దీనికీ నిప్పు అంటుకుంటుంది, పక్కన స్టవ్ ఉండకూడదు.

లాకర్ (థిన్నర్‌తో కలిపే, త్వరగా ఆరే రంగు), ఆటోమొబైల్ పెయింట్లు వాడేవాళ్లకు మాత్రం థిన్నర్ తప్పదు. గట్టిపడేందుకు హార్డెనర్ కలిపే టూకే (రెండు భాగాల) పెయింట్ అయితే పని అయిన వెంటనే కడగాలి. లోపల గట్టిపడిందంటే మామూలు థిన్నర్‌కు లొంగదు. ఇక్కడ జాగ్రత్తలు తగ్గించకూడదు. ఎన్95 మాస్కు దుమ్మును ఆపుతుంది, థిన్నర్ ఆవిరిని ఆపదు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు, గాలి బయటికి లాగే ఫ్యాను, నైట్రైల్ గ్లవ్స్ కావాలి. బ్రష్‌ను రాత్రంతా థిన్నర్‌లో నానబెట్టడం మరో పెద్ద పొరపాటు. మామూలు రబ్బరు వాషర్లు ఉబ్బిపోతాయి. టెఫ్లాన్ వాషర్లు తట్టుకుంటాయి కానీ, మీ బ్రష్‌లో అన్నీ టెఫ్లానే అని చూసుకోకుండా నమ్మొద్దు.

అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ కూడా అక్రిలిక్‌ను వదిలిస్తుంది, కానీ ఎక్కువసేపు ఉంచితే ఇత్తడిని, పై పూతను తింటుంది. దాన్ని బ్లీచింగ్‌తో ఎప్పుడూ కలపకండి, విషవాయువు పుడుతుంది. అల్ట్రాసోనిక్ క్లీనర్ (శబ్ద తరంగాలతో మురికి వదిలించే తొట్టి) రోజూ పనిచేసేవాళ్లకు కొనదగ్గదే. అందులో నీళ్లు, చుక్క డిష్‌వాష్ లిక్విడ్ మాత్రమే పోయాలి. థిన్నర్, ఐపీఏ పోస్తే ఆవిరికి నిప్పంటుకునే ప్రమాదం ఉంది.

ఇక ప్రతిసారీ మొత్తం విప్పాలా? అక్కర్లేదు. రంగు మార్చేటప్పుడు కప్పు కడిగి కొడితే చాలు. రోజు పని ముగిశాక నీడిల్ (బ్రష్ లోపలి సన్నటి సూది) బయటికి తీసి, లావు వైపు నుంచి కొన వైపుకే తుడవాలి; ఎదురు తుడిస్తే కొన వంగుతుంది. నాజిల్‌ను మాత్రం అవసరం పడితేనే విప్పండి. దాని మరలు చాలా సున్నితం, కాస్త ఎక్కువ బిగిస్తే విరిగి లోపలే ఉండిపోతాయి.

ఏ ద్రవం వాడినా గాల్లోకి కొట్టకుండా, ఫిల్టర్ ఉన్న క్లీనింగ్ పాట్‌లోకి (తుంపరను పట్టుకునే మూత డబ్బా) కొట్టండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు రెండో బ్రష్ కొనేముందు ఇది కొనుక్కోవాలి.