గరిటెల సైటుకి యూఆర్‌ఎల్ రీరైట్ ఫిల్టర్: నా రేటింగ్ 5కి 4

మా మేనమామది ఉదయగిరి, చెక్క గరిటెలు అమ్ముతాడు. సైటు కూడా ఉంది, ఎవరో కుర్రాడు జేఎస్పీల్లో (జావాతో వెబ్ పేజీలు తయారుచేసే ఫైళ్ళు) రాసిచ్చి బెంగళూరు వెళ్ళిపోయాడు. ఫోన్లో ఎవరన్నా ఫలానా అట్లకాడ చూడాలంటే మామ "ఐటెమ్ డాట్ జేఎస్పీ, క్వశ్చన్ మార్కు, ఐడీ, ఈక్వల్ టు, 37" అని అరిచి అరిచి, చివరికి "ఏందిరా అబ్బయ్యా ఇది, గరిటె 37 అని కొడితే రాదా?" అని నన్ను పట్టుకున్నాడు.

ముందు సొంత తెలివి చూపించా. ఒక సర్వ్‌లెట్ (వచ్చిన అడ్రసుకి సర్వర్లో జవాబిచ్చే జావా ప్రోగ్రామ్) రాసి స్లాష్ స్టార్‌కి, అంటే సైటులోని అన్ని అడ్రసులకీ, మ్యాప్ చేశా. అది జేఎస్పీకి ఫార్వర్డ్ చేస్తుంటే, డాట్ జేఎస్పీ కన్నా స్లాష్ స్టార్‌దే పైచేయి కాబట్టి ఆ ఫార్వర్డ్ తిరిగి తిరిగి దాని నెత్తికే వచ్చింది, లాగ్ నిండా స్టాక్ ఓవర్‌ఫ్లో. సర్వ్‌లెట్ మ్యాపింగ్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (గరిటె తర్వాత ఏదో ఒక అంకె అన్నట్టు నమూనా) రాయడానికి వీల్లేదు. స్ప్రింగ్ అనే పెద్ద జావా ఫ్రేమ్‌వర్క్‌లో అయితే తేలికే, కానీ పద్నాలుగు జేఎస్పీల కొట్టుకి అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.

చివరికి యూఆర్‌ఎల్ రీరైట్ ఫిల్టర్ పెట్టా, వచ్చిన అడ్రసుని లోపల్లోపలే ఇంకో అడ్రసుగా మార్చేస్తుంది. దీనికి ఒక జార్ (జావా లైబ్రరీ ఫైలు), సైటు సెట్టింగులుండే వెబ్ డాట్ ఎక్స్‌ఎంఎల్‌లో కొన్ని లైన్లు, రూల్స్ రాసుకునే ఫైలు ఒకటి, అంతే. "ఫ్రమ్"లో (వచ్చే అడ్రసు) స్లాష్ గరిటె స్లాష్, ఆపైన బ్రాకెట్లలో అంకె నమూనా రాస్తే, ఆ అంకె "టు"లో (పాత జేఎస్పీ అడ్రసు) డాలర్ 1గా దొరుకుతుంది. పాత జేఎస్పీకి అసలు సంగతే తెలీదు, ఐడీ వచ్చిందనుకుని పేజీ ఇచ్చేస్తుంది. పావుగంటలో అయిపోయింది.

అయిపోయిందనుకున్నా. పేజీ తెరిస్తే రంగుల్లేవు, బొమ్మల్లేవు, బోసిగా ఉంది. అడ్రసులో కొత్తగా గరిటె అనే మెట్టు చేరింది కదా, రంగులు, అమరిక చెప్పే సీఎస్ఎస్ ఫైలుని బ్రౌజర్ గరిటె ఫోల్డర్లో వెతుకుతోంది! ఫిల్టర్ తప్పేం లేదు, లింకులన్నిటి ముందూ కాంటెక్స్ట్ పాత్ (సర్వర్లో మా సైటు మొదలయ్యే అడ్రసు) తగిలించడానికి ఆదివారం మొత్తం పోయింది. రూల్లో రెండు పారామీటర్లుంటే మధ్యలో ఆంపర్‌శాండ్‌ని ఊరికే పెట్టకండి, అది ఎక్స్‌ఎంఎల్ ఫైలు, ఆంపర్‌శాండ్, ఏఎంపీ, సెమీకోలన్ అని కలిపే రాయాలి.

ఒక మార్కు ఎందుకు కోశానంటే, నా దగ్గరున్న 4.0 వెర్షన్ టామ్‌క్యాట్ 10 (జేఎస్పీ సైట్లని నడిపే జావా సర్వర్) మీద ఎక్కలేదు. అక్కడ జావాఎక్స్ అని మొదలయ్యే సర్వ్‌లెట్ ప్యాకేజీల పేర్లు జకార్తా అయిపోయాయి, ఇదేమో పాత పేర్లే పిలుస్తుంది. ప్రస్తుతానికి టామ్‌క్యాట్ 9 మీదే నడుపుతున్నా, మామకి ఈ గొడవ చెప్పలేదు.